కోడ్ ఒకటే, ఎర్రర్ మాత్రం కొత్త జార్‌లోనే: సోర్స్ లేని జార్‌ని డీకంపైల్, డీబగ్ చేయడం ఎలా?

శేషు_జావా

అందరికీ నమస్కారం. మా అప్లికేషన్‌లో బయటి సంస్థ ఒకటి రాసిచ్చిన లైబ్రరీ జార్ (కంపైల్ అయిన క్లాస్ ఫైళ్ళ మూట) ఉంది. పెద్ద ఫైళ్ళని ముక్కలు చేసి నెట్‌వర్క్ మీద పంపడం దాని పని. సోర్స్ మా దగ్గర లేదు. పాత జార్ ఇన్నేళ్ళూ కిక్కురుమనకుండా నడిచింది. ఈమధ్య చిన్న ఫిక్స్ అడిగితే కొత్త జార్ పంపారు. టెస్ట్ మెషీన్‌లో బాగానే ఉంది. సర్వర్ మీద పెట్టగానే మొదటి ఫైల్‌కే నోసచ్‌మెథడ్‌ఎర్రర్ కొట్టి పడిపోతోంది.

రెండు జార్లనీ జేడీ-జీయూఐ అనే డీకంపైలర్‌లో (క్లాస్ ఫైల్‌ని తిరిగి జావా కోడ్‌గా మార్చే టూల్) తెరిచి పక్కపక్కన పెట్టి చూశాను. వాళ్ళు చేసిన ఫిక్స్ తప్ప తక్కినదంతా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఎర్రర్ వచ్చే లైన్‌లో ఉన్నది బఫర్.ఫ్లిప్() అంతే. బైట్‌బఫర్‌కి ఫ్లిప్ జావా 1.4 నుంచీ ఉంది కదా, ఆ మెథడ్ లేదని ఎలా అంటుంది? పైగా రెండు మెథడ్లని జేడీ అసలు విప్పలేకపోయింది, బైట్‌కోడ్‌ని (క్లాస్ ఫైల్‌లో ఉండే ఆదేశాలు) కామెంట్‌లా పడేసి ఊరుకుంది.

ఓపెన్ సోర్స్‌లో ఇంతకన్నా మంచి డీకంపైలర్ ఏది? డీబగ్గర్‌తో ఈ జార్ లోపలికి దిగే దారి ఉందా?

హీప్_రాజు

ముందు డీకంపైలర్ మార్చండి బ్రదర్. జేడీ-జీయూఐ తెరిచి చూడ్డానికి హాయిగా ఉంటుంది గానీ కొత్త జావా ఫీచర్ల దగ్గర త్వరగా చేతులెత్తేస్తుంది. నేను రోజూ వాడేది సీఎఫ్‌ఆర్. ఒక్కటే జార్ ఫైల్, ఇన్‌స్టాల్ గొడవ లేదు, కమాండ్ లైన్‌లో మీ జార్ పేరు, అవుట్‌పుట్ ఫోల్డర్ పేరు ఇస్తే చాలు. తమాషా ఏంటంటే అది రాసింది మొత్తం జావా 6లో. కాబట్టి ఎంత పాత మెషీన్‌లోనైనా నడుస్తుంది, విప్పేది మాత్రం లాంబ్డాలు, స్ట్రింగ్ స్విచ్‌లు, రికార్డులు దాకా.

రెండోది వైన్‌ఫ్లవర్. ఇంటెల్లిజేలో క్లాస్ ఫైల్ మీద క్లిక్ చేస్తే కనబడే కోడ్ ఉంది చూడండి, అది ఫెర్న్‌ఫ్లవర్ పుణ్యం. దాని నుంచి విడిపోయి పెరిగింది ఈ వైన్‌ఫ్లవర్. మొదట్లో దీని పేరు క్విల్ట్‌ఫ్లవర్, మైన్‌క్రాఫ్ట్ మాడ్లు రాసేవాళ్ళ దగ్గర పుట్టింది. నిజం చెప్పాలంటే జావా డీకంపైలర్లని ఈ స్థాయికి తెచ్చినవాళ్ళలో ఆ గేమ్ పిచ్చోళ్ళకి పెద్ద వాటా ఉంది.

ఎవరైనా జాడ్ వాడమంటే వినకండి. అది ఓపెన్ సోర్స్ కాదు, జావా 5 జెనరిక్స్ రాకముందు కాలం నాటిది.

డాట్‌క్లాస్

శేషు గారూ, ఎర్రర్ లైన్ మొత్తం పెట్టండి. మెథడ్ పేరు వరకే కాదు, బ్రాకెట్ తర్వాత ఏముందో కూడా. అలాగే టెస్ట్ మెషీన్‌లో జావా ఎంత, సర్వర్‌లో ఎంత?

శేషు_జావా

టెస్ట్‌లో 11, సర్వర్‌లో 8. ఎర్రర్ ఇది:

నోసచ్‌మెథడ్‌ఎర్రర్: జావా.ఎన్‌ఐఓ.బైట్‌బఫర్.ఫ్లిప్()ఎల్‌జావా/ఎన్‌ఐఓ/బైట్‌బఫర్;

జావా వెర్షన్ గొడవ అనుకుని క్లాస్ ఫైల్ వెర్షన్ కూడా చూశాను. రెండు జార్లలోనూ 52, అంటే జావా 8కే కంపైల్ చేశారు. వెర్షన్ తేడా అయితే అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్ అని వేరే ఎర్రర్ రావాలి కదా.

ఈలోగా సీఎఫ్‌ఆర్ కూడా వేసి చూశా. జేడీ వదిలేసిన రెండు మెథడ్లూ శుభ్రంగా వచ్చాయి (థాంక్స్ రాజు గారూ). ఫ్లిప్ ఉన్న లైన్ మాత్రం ఇందులోనూ మునుపటిలాగే ఉంది.

డాట్‌క్లాస్

> ఫ్లిప్ ఉన్న లైన్ మాత్రం ఇందులోనూ మునుపటిలాగే ఉంది

ఎన్ని డీకంపైలర్లు మార్చినా అలాగే ఉంటుంది. మీ సమస్య డీకంపైలర్ చూపించగలిగే చోట లేదు.

జావా సోర్స్‌లో మెథడ్‌ని పిలిచేటప్పుడు మనం రాసేది పేరు, ఆర్గ్యుమెంట్లు. రిటర్న్ టైప్ ఎక్కడా రాయం. బైట్‌కోడ్‌లో అలా కాదు. పిలుపు ప్రతిదానికీ కాన్‌స్టంట్ పూల్‌లో (క్లాస్ ఫైల్‌లోని పట్టిక) క్లాస్ పేరు, మెథడ్ పేరు, డిస్క్రిప్టర్ మూడూ ఉంటాయి. డిస్క్రిప్టర్ అంటే బ్రాకెట్లలో ఆర్గ్యుమెంట్ టైప్‌లు, ఆ తర్వాత రిటర్న్ టైప్. జేవీఎం (క్లాస్ ఫైళ్ళని నడిపే జావా ఇంజిన్) మెథడ్‌ని వెతికేటప్పుడు పేరూ డిస్క్రిప్టరూ రెండూ కలవాలి. రిటర్న్ టైప్ ఒక్కటి తేడా వచ్చినా దాని దృష్టిలో అది వేరే మెథడ్.

జావా 8లో ఫ్లిప్ బైట్‌బఫర్‌లో లేదు. దాని పేరెంట్ అయిన బఫర్ క్లాస్‌లో ఉంది, తిరిగిచ్చేది బఫర్. జావా 9లో బైట్‌బఫర్‌లోనే ఫ్లిప్‌ని ఓవర్‌రైడ్ చేసి బైట్‌బఫర్ తిరిగి వచ్చేలా మార్చారు, వరసగా చుక్కలు పెట్టి పిలుపులు గొలుసుకట్టుకోవడానికి వీలుగా. మీ ఎర్రర్ లైన్ చివర ఉన్నది ఆ కొత్త రిటర్న్ టైపే. జావా 8లో అలాంటి ఫ్లిప్ లేదు, జేవీఎం చెప్పింది నిజమే.

జేడీకేతో (జావా డెవలపర్ల కిట్) వచ్చే జావాప్‌ని (బైట్‌కోడ్‌ని ఉన్నదున్నట్టు చూపించే టూల్) రెండు జార్ల మీదా నడపండి. ఆప్షన్లు -సి, -పి, -వి. ఆ మెథడ్‌లో ఇన్వోక్‌వర్చువల్ (మెథడ్‌ని పిలిచే ఆదేశం) లైన్ పక్కన ఏముందో ఇక్కడ పెట్టండి.

శేషు_జావా

పాత జార్:
17: ఇన్వోక్‌వర్చువల్ జావా/ఎన్‌ఐఓ/బైట్‌బఫర్.ఫ్లిప్:()ఎల్‌జావా/ఎన్‌ఐఓ/బఫర్;
20: పాప్

కొత్త జార్:
17: ఇన్వోక్‌వర్చువల్ జావా/ఎన్‌ఐఓ/బైట్‌బఫర్.ఫ్లిప్:()ఎల్‌జావా/ఎన్‌ఐఓ/బైట్‌బఫర్;
20: పాప్

బాబోయ్. నిజంగానే తేడా అక్కడుంది. కానీ వెర్షన్ 52 ఉండగా జావా 9 మెథడ్ ఇందులోకి ఎలా దూరింది?

డాట్‌క్లాస్

వాళ్ళు జేడీకే 9 గానీ ఆపైది గానీ వాడి, సోర్స్ 8, టార్గెట్ 8 అని ఆప్షన్లు ఇచ్చి బిల్డ్ చేసుంటారు. ఆ రెండు ఆప్షన్లూ చేసేది భాషని 8కి పరిమితం చేయడం, ఫైల్ మీద 52 అని ముద్ర వేయడం. స్టాండర్డ్ లైబ్రరీలో ఏ మెథడ్ ఉందో చూసేటప్పుడు మాత్రం జావాసీ (జావా కంపైలర్) తన సొంత కొత్త లైబ్రరీనే చూస్తుంది. బూట్‌స్ట్రాప్ క్లాస్‌పాత్ సెట్ చేయలేదని ఒక వార్నింగ్ ఇస్తుంది, దాన్ని చదివే నాథుడు ఉండడు.

దీనికే జావా 9లో రిలీజ్ అనే ఆప్షన్ తెచ్చారు. రిలీజ్ 8 అంటే భాష, ఫైల్ వెర్షన్, లైబ్రరీ మూడూ 8 లెక్కనే చూస్తుంది. మావెన్ అనే బిల్డ్ టూల్‌లో అయితే కంపైలర్ ప్లగిన్‌కి సోర్స్, టార్గెట్ తీసేసి రిలీజ్ పెట్టమనండి. జార్ ఇచ్చినవాళ్ళకి ఈ ఒక్క ముక్క పంపితే చాలు, కోడ్‌లో అక్షరం మార్చక్కర్లేదు.

ఒక్క ఫ్లిప్‌తో పోదు. క్లియర్, లిమిట్, మార్క్, పొజిషన్, రీసెట్, రివైండ్ కూడా జావా 9లో ఇలాగే మారాయి. జావాప్ అవుట్‌పుట్‌లో ఈ ఏడూ వెతకండి.

ఖాళీపాయింటర్

అయితే ఈ డీకంపైలర్లన్నీ దండగేనా? జావాప్ ఒక్కటి నేర్చుకుంటే సరిపోయేలా ఉందే.

హీప్_రాజు

అలా అంటే ఎలా అండీ. రెండొందల క్లాసులున్న జార్‌లో ఈ మెథడ్ ఏం చేస్తోందో జావాప్‌లో చదువుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. డీకంపైలర్ దారి చూపిస్తుంది, అనుమానం వచ్చిన ఒక్క మెథడ్‌ని జావాప్‌లో చూస్తాం. సీఎఫ్‌ఆర్‌లో మెథడ్‌నేమ్ అని ఆప్షన్ ఉంది, ఒక్క మెథడ్‌నే విప్పుతుంది. దాని పక్కన జావాప్ పెట్టుకుంటే పని అయిపోతుంది.

సింటాక్స్_సుబ్బు

డీకంపైలర్ అవుట్‌పుట్‌ని సోర్స్ అనుకుంటేనే తంటా. ఆ బైట్‌కోడ్‌కి సరిపోయే జావా కోడ్ ఒకటి అది కట్టిస్తుంది, అసలు రాసినవాడు రాసింది అదే అవ్వాలని లేదు.

స్ట్రింగ్ మీద స్విచ్ చూడండి. జేవీఎంకి స్ట్రింగ్ స్విచ్ తెలీదు. జావాసీ దాన్ని రెండు స్విచ్‌లుగా విడగొడుతుంది. మొదటిది హ్యాష్‌కోడ్ మీద, లోపల ఈక్వల్స్‌తో సరిచూసి ఒక నంబర్ వేసుకుంటుంది. రెండోది ఆ నంబర్ మీద, మీరు రాసిన కోడ్ ఉండేది దీంట్లో. డీకంపైలర్ ఈ అచ్చుని గుర్తుపడితే చక్కగా కేస్ "యెస్" అని తిరిగి రాస్తుంది. గుర్తుపట్టకపోతే కేస్ 119527, కేస్ 3521 అని వస్తాయి. కంగారు పడక్కర్లేదు, అవి ఇంగ్లీషు చిన్నక్షరాల్లో రాసిన యెస్, నో అనే మాటల హ్యాష్‌కోడ్‌లు. లోపల ఈక్వల్స్ ఎందుకంటే వేర్వేరు స్ట్రింగ్‌లకి ఒకే హ్యాష్ రావచ్చు: పెద్ద ఏ, చిన్న ఏ కలిపిన స్ట్రింగ్‌కీ, రెండు పెద్ద బీలకీ హ్యాష్ 2112.

ఫైనల్లీ ఇంకా ఘోరం. జావాసీ ఫైనల్లీ బ్లాక్‌ని బయటికి పోయే ప్రతి దారిలోనూ కాపీ కొడుతుంది: మామూలుగా ముగిసే దారికొకటి, ప్రతి రిటర్న్‌కీ ఒకటి, ఎక్సెప్షన్‌కొకటి. ఇదివరకు దీనికి జేఎస్‌ఆర్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉండేది, జావా 7 క్లాస్ ఫైళ్ళ నుంచి దాన్ని నిషేధించారు. డీకంపైలర్ ఈ కాపీలన్నిటినీ ఒకే ఫైనల్లీగా మడత పెట్టాలి. ఒక కాపీలో చిన్న తేడా ఉన్నా మడత కుదరదు, అప్పుడు ఒకే క్లోజ్ నాలుగు చోట్ల కనబడుతుంది. అసలు ప్రోగ్రామర్ నాలుగుసార్లు రాశాడని తిట్టుకుంటాం.

అందుకే నా అలవాటు: ఒకే క్లాస్‌ని సీఎఫ్‌ఆర్‌తోనూ వైన్‌ఫ్లవర్‌తోనూ విప్పి డిఫ్ కొడతా. రెండూ ఒప్పుకున్న చోట పెద్దగా పట్టించుకోను. కొట్టుకున్న చోట జావాప్ తెరుస్తా. ఇలా పక్కపక్కన చూడ్డానికి బైట్‌కోడ్ వ్యూయర్ అనే టూల్ బావుంటుంది, సీఎఫ్‌ఆర్, ఫెర్న్‌ఫ్లవర్, ప్రోసియాన్, జేడీ, క్రాకటావ్ అన్నీ ఒకే విండోలో.

శేషు_జావా

సుబ్బు గారూ, సేవ్ చేసి పెట్టుకున్నాను ఇది. 

జార్ ఇచ్చినవాళ్ళకి మెయిల్ పెట్టాం, వాళ్ళ పద్ధతిలో తిరిగి రావడానికి టైమ్ పడుతుంది. మార్పులు చేసుకోవడానికి ఒప్పందంలో మాకు హక్కు ఉంది. ఈలోగా డీకంపైల్ చేసిన కోడ్‌ని మళ్ళీ కంపైల్ చేసి పెట్టేయమంటారా?

డాట్‌క్లాస్

హక్కు ఉందన్నారు కాబట్టి చెప్తున్నా. మొత్తం మళ్ళీ కంపైల్ చేయకండి. ఒక్క పిలుపు మార్చడానికి రెండొందల క్లాసుల్ని డీకంపైలర్ ఊహల మీద తిరగరాయడం అనవసరం రిస్క్.

రీకాఫ్ అని ఓపెన్ సోర్స్ బైట్‌కోడ్ ఎడిటర్ ఉంది. జార్ తెరిచి, ఆ మెథడ్‌ని అసెంబ్లర్‌లో తెరిచి, ఇన్వోక్‌వర్చువల్ చివర రిటర్న్ టైప్‌ని బైట్‌బఫర్ నుంచి బఫర్‌కి మార్చండి. మీ కోడ్‌లో తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ పాప్, అంటే తిరిగొచ్చినదాన్ని ఎవరూ వాడట్లేదు, అంతటితో సరి. పాప్ లేకుండా ఆ విలువని బైట్‌బఫర్‌గా వాడే చోట మాత్రం వెంటనే ఒక చెక్‌కాస్ట్ (టైప్ సరిచూసే ఆదేశం) పెట్టాలి, లేదంటే వెరిఫైఎర్రర్ వస్తుంది.

ఇలా మార్చిన జార్ జావా 11లోనూ నడుస్తుంది. ఓవర్‌రైడ్‌లో రిటర్న్ టైప్ మారినప్పుడు పాత డిస్క్రిప్టర్‌తో ఒక బ్రిడ్జ్ మెథడ్‌ని జావాసీ తనంతట తనే పెడుతుంది, బైట్‌బఫర్‌లో అది ఉంది.

జార్ సైన్ చేసి ఉంటే మాత్రం క్లాస్ మార్చగానే సెక్యూరిటీఎక్సెప్షన్ వస్తుంది. మెటా-ఇన్ఫ్ ఫోల్డర్‌లో సంతకం ఫైళ్ళున్నాయేమో ముందే చూసుకోండి.

రాత్రిబిల్డ్

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నా సమస్య డీబగ్గింగ్ వైపు. ఎక్లిప్స్‌లో డీకంపైల్ చేసిన కోడ్‌లో బ్రేక్‌పాయింట్ పెడితే ఒక లైన్‌లో పెడితే ఇంకో లైన్‌లో ఆగుతోంది. ఒక్కోసారి కామెంట్ మీద ఆగుతోంది! వేరియబుల్స్ చూస్తే పేర్లు లేవు.

సింటాక్స్_సుబ్బు

డీబగ్గర్‌కి లైన్ నంబర్లు వచ్చేది క్లాస్ ఫైల్‌లోని లైన్‌నంబర్‌టేబుల్ నుంచి. అవి అసలు సోర్స్ ఫైల్ నంబర్లు. డీకంపైలర్ తన ఇష్టం వచ్చినట్టు లైన్లు విరుస్తుంది. అసలు ఫైల్‌లో 84వ లైన్ నీ స్క్రీన్ మీద 51 అయి ఉండొచ్చు. డీకంపైలర్ ప్లగిన్ సెట్టింగుల్లో లైన్ నంబర్లకి తగ్గట్టు కోడ్‌ని సర్దే ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్. కోడ్ మధ్య ఖాళీ లైన్లు వచ్చి అందవికారంగా ఉంటుంది గానీ బ్రేక్‌పాయింట్ సరైన చోట ఆగుతుంది.

వేరియబుల్ పేర్లు ఇంకో టేబుల్, లోకల్‌వేరియబుల్‌టేబుల్. జావాసీకి -జి ఇవ్వకపోతే లైన్ నంబర్లు రాస్తుంది గానీ లోకల్ పేర్లు రాయదు. మావెన్ మామూలుగా -జి ఇచ్చే బిల్డ్ చేస్తుంది. కాబట్టి పేర్లు లేవంటే ఎవరో చేత్తో బిల్డ్ చేశారు, లేదా కావాలనే తీసేశారు.

డాట్‌క్లాస్

లైన్ టేబుల్ కూడా లేకపోతే ఐడీఈని పక్కన పెట్టి జేడీబీకి (కమాండ్ లైన్ డీబగ్గర్) వెళ్ళండి. జేడీకేలోనే ఉంటుంది, చూడ్డానికి మొరటుగా ఉన్నా ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది. స్టాప్ ఇన్ అని క్లాస్, మెథడ్ పేరు ఇస్తే మెథడ్ మొదట్లో ఆగుతుంది, లైన్లతో పని లేదు. అక్కడి నుంచి స్టెప్‌ఐ అంటే ఒక్కో బైట్‌కోడ్ ఇన్‌స్ట్రక్షన్ జరుగుతుంది. వేర్‌ఐ అంటే స్టాక్‌తో పాటు పీసీ నంబర్ (ఏ ఆదేశం దగ్గర ఉందో చెప్పేది) ఇస్తుంది. జావాప్ అవుట్‌పుట్‌లో ఎడమ పక్కనుండే ఆ 17, 20 లాంటి ఆఫ్‌సెట్‌లు ఉన్నాయే, వాటితో ఈ పీసీని పోల్చుకుంటూ పోతే ఎక్కడున్నారో నిక్కచ్చిగా తెలుస్తుంది.

అవతలి జేవీఎంని జేడీడబ్ల్యూపీ (డీబగ్గర్ జేవీఎంతో మాట్లాడే పద్ధతి) ఏజెంట్‌తో స్టార్ట్ చేయాలి. జావా 9 నుంచి అడ్రస్‌లో వట్టి 5005 అని ఇస్తే అది లోకల్‌హోస్ట్ మీదే వింటుంది. బయటి నుంచి కలపాలంటే నంబర్ ముందు నక్షత్రం, కోలన్ పెట్టాలి. అలా పెట్టేముందు ఒకటి తెలుసుకోండి: జేడీడబ్ల్యూపీకి పాస్‌వర్డ్ లాంటిదేమీ లేదు. ఆ పోర్ట్ దొరికినవాడు మీ జేవీఎంలో తనకి నచ్చిన కోడ్ నడుపుకోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ వేసుకుని లోకల్‌హోస్ట్‌తోనే పని కానివ్వండి.

హీప్_రాజు

ప్రొడక్షన్‌లో బ్రేక్‌పాయింట్ ఊసే వద్దు, ఆగిన థ్రెడ్ వెనక రిక్వెస్టులు క్యూ కడతాయి, ఆ టెన్షన్ ఎవడు పడతాడు. అక్కడ అర్థాస్ వాడండి. ఆలీబాబా వాళ్ళ ఓపెన్ సోర్స్ టూల్, నడుస్తున్న జేవీఎంకి ఏజెంట్‌లా తగులుకుంటుంది, రీస్టార్ట్ అక్కర్లేదు. వాచ్ కమాండ్‌తో ఒక మెథడ్‌లోకి ఏం వెళ్ళింది, ఏం తిరిగొచ్చింది, ఏ ఎక్సెప్షన్ ఎగిరింది అన్నీ చూడొచ్చు. అందులో జాడ్ అని కమాండ్ కూడా ఉంది. పేరు చూసి ఆ పాత జాడ్ అనుకోకండి, లోపల పనిచేసేది సీఎఫ్‌ఆరే. మెమరీలో లోడ్ అయిన క్లాస్‌ని విప్పి చూపిస్తుంది, ఏ జార్ నుంచి ఏ క్లాస్‌లోడర్ ఎత్తిందో కూడా చెబుతుంది. క్లాస్‌పాత్‌లో ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు ఉన్నప్పుడు ఇది బంగారం.

ఖాళీపాయింటర్

మరి పేర్లన్నీ ఏ, బీ, సీ అని మార్చేసిన జార్ల సంగతి? మా దగ్గరున్న ఒకదాన్ని ఫెర్న్‌ఫ్లవర్‌తో విప్పితే ఒకే క్లాస్‌లో ఏ() అనే మెథడ్లు మూడు, ఆర్గ్యుమెంట్లు కూడా ఒకటే. ఇది కంపైల్ ఎలా అయింది అసలు?

డాట్‌క్లాస్

పైన చెప్పిన డిస్క్రిప్టర్ సంగతే ఇదీ. రిటర్న్ టైప్ వేరైతే జేవీఎంకి అవి మూడు వేర్వేరు మెథడ్లు, జావా భాష మాత్రం ఒప్పుకోదు. ఇలా పేర్లు మార్చేసే ప్రోగార్డ్ లాంటి టూల్స్ కంపైల్ అయిపోయాక క్లాస్ ఫైల్ మీద పనిచేస్తాయి కాబట్టి ఈ సందు వాడుకుంటాయి. ఫెర్న్‌ఫ్లవర్‌కి -రెన్ ఆప్షన్ 1 చేసి ఇవ్వండి, సీఎఫ్‌ఆర్‌లో అయితే రీనేమ్‌డూప్‌మెంబర్స్. ఒక్కోదానికి వేరే పేరు పెట్టి చూపిస్తాయి. అసలు పేర్లు మాత్రం తిరిగి రావు, అవి ఫైల్‌లోనే లేవు. బిల్డ్ చేసినవాళ్ళ దగ్గర మ్యాపింగ్ ఫైల్ ఉంటే ప్రోగార్డ్‌తో వచ్చే రీట్రేస్ స్టాక్ ట్రేస్‌లో అసలు పేర్లు పెట్టిస్తుంది.

శేషు_జావా

రీకాఫ్‌తో మార్చాను. ఫ్లిప్ మూడు చోట్ల, క్లియర్ రెండు చోట్ల ఉంది. ఒక క్లియర్ తర్వాత పాప్ లేదు, అక్కడ చెక్‌కాస్ట్ పెట్టాను. జావా 8 మీదా 11 మీదా టెస్టులు పాసయ్యాయి. వాళ్ళ దగ్గర్నుంచీ జవాబొచ్చింది, వచ్చే బిల్డ్‌లో రిలీజ్ ఆప్షన్ పెడతారట.

సింటాక్స్_సుబ్బు

మీ బిల్డ్‌లో యానిమల్ స్నిఫర్ అనే మావెన్ ప్లగిన్ పెట్టుకోండి. జావా 8 సిగ్నేచర్లు ఇస్తే, ఆ వెర్షన్‌లో లేని లైబ్రరీ మెథడ్ ఎవరైనా పిలిచినప్పుడు బిల్డ్ దగ్గరే ఆపేస్తుంది.

రాత్రిబిల్డ్

చివరగా ఒకటి. స్టాక్ ట్రేస్‌లో డాలర్ ప్రాక్సీ 27 అని క్లాస్ కనబడుతోంది. జార్లన్నీ వెతికాను, ఎక్కడా లేదు. దీన్ని విప్పడం ఎలా?

హీప్_రాజు

జార్‌లో ఉండదు తమ్ముడూ, నడిచేటప్పుడు జావానే అప్పటికప్పుడు పుట్టించిన క్లాస్ అది. అర్థాస్‌లో ముందు ఎస్‌సీ కమాండ్‌తో ఆ పేరు వెతుకు, క్లాస్‌లోడర్ హ్యాష్ ఇస్తుంది. ఆ హ్యాష్ ఇచ్చి డంప్ కొడితే క్లాస్ ఫైల్ డిస్క్ మీద పడుతుంది, దాన్ని సీఎఫ్‌ఆర్‌కి ఇచ్చెయ్. లోపల పెద్దగా ఏమీ ఉండదు, ప్రతి మెథడూ ఇన్వొకేషన్‌హ్యాండ్లర్‌ని పిలుస్తుంది. నువ్వు బ్రేక్‌పాయింట్ పెట్టాల్సింది ఆ హ్యాండ్లర్‌లోని ఇన్వోక్ మెథడ్‌లో.